మాట చెప్పినవాడికి పాపం అంటుతుందా: కాంచనబురి దుబాసీ నగసే తకాషి గురించి

మీరు అడిగినవి నిజానికి రెండు ప్రశ్నలు. యుద్ధంలో దుబాసీగా పనిచేసిన మనిషి ఎవరినీ చేత్తో కొట్టలేదు, మాటలు అటుదిటు, ఇటుదటు చెప్పాడంతే కదా, అతని తప్పేముంది? ఇది మొదటిది. అలాంటివాడు తర్వాత శాంతి అంటూ తిరిగి, గుడి కట్టి, సభలు పెడితే దాన్ని నమ్మాలా, లేక పేరు కడుక్కోవడం అనుకోవాలా? ఇది రెండోది. రెండో ప్రపంచ యుద్ధంలో థాయిలాండ్‌లోని కాంచనబురిలో జపాన్ సైన్యానికి దుబాసీగా పనిచేసిన నగసే తకాషి పేరు మీరే ఎత్తారు కాబట్టి ఆయన గురించే చెబుతాను.

నాకు జపాన్ భాష రాదు. దుబాసీ పని మాత్రం తెలుసు. గల్ఫ్‌లో పంతొమ్మిదేళ్ళు పోలీసు ఠాణాల్లో, కోర్టుల్లో, ఆసుపత్రుల్లో మన జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పిల్లలకు అరబ్బీని తెలుగు చేసి, వాళ్ళ తెలుగును అరబ్బీ చేసి చెప్పాను. నగసే సంగతి, ఆయన దుబాసీగా ఉన్న గదిలో హింస పడ్డ బ్రిటిష్ ఖైదీ లోమాక్స్ సంగతి తెలిశాక ఉండబట్టలేక కాంచనబురి దాకా వెళ్ళొచ్చాను.

ముందు మా పనిలో ఉన్న ఒక పద్ధతి చెప్పాలి. అది తెలియకపోతే నగసే కథ సగమే అర్థమవుతుంది. కోర్టులో దుబాసీకి నేర్పే మొదటి పాఠం "నేను" అనడం. జడ్జి "నీకు నాలుగేళ్ళు శిక్ష వేస్తున్నాను" అన్నాడనుకోండి. నేను "జడ్జిగారు నీకు నాలుగేళ్ళు వేస్తున్నారట" అనకూడదు. "నీకు నాలుగేళ్ళు శిక్ష వేస్తున్నాను" అనే అనాలి. మాటకు మాట, మనిషికి మనిషి. అది కచ్చితమైన పద్ధతే, నేనూ దానికి కట్టుబడే పనిచేశాను. కానీ ఎదురుగా బోనులో నిలబడ్డవాడికి అరబ్బీ రాదు. జడ్జి నోటి నుంచి వచ్చేది వాడికి చప్పుడు. నా నోటి నుంచి వచ్చేది మాట. వాడికి అర్థమయ్యే భాషలో, వాళ్ళమ్మ మాట్లాడే భాషలో, "నీకు నాలుగేళ్ళు వేస్తున్నాను" అన్నవాణ్ణి నేను.

2006లో ఒక కొట్లాట కేసు. జగిత్యాల దగ్గర పల్లె పిల్లాడు, ఇరవై రెండేళ్ళవాడు. లేబర్ క్యాంపులో రాత్రి గొడవైంది, ఒకతని తల పగిలింది. తీర్పు చదివారు, నేను చెప్పాను. వాడు జడ్జి వైపు చూడలేదు, వకీలు వైపు చూడలేదు. నా వైపే చూశాడు. "గట్లెట్ల వేస్తవన్నా నాలుగేండ్లు?" అన్నాడు. వేస్తారు అనలేదు, వేస్తవు అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టని రోజులున్నాయి. ఆ పిల్లాడి సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను, అందులో నా తప్పు ఒకటుంది.

ఇక నగసే. 1918లో జపాన్‌లోని ఒకాయామా ప్రాంతంలో కురషికి అనే ఊళ్ళో పుట్టాడు. టోక్యోలో అయోయామా గకుయిన్ అని మెథడిస్టు క్రైస్తవులు పెట్టిన విద్యాలయంలో ఇంగ్లీషు చదివాడు. ఇంగ్లీషు మీద ఇష్టంతో చదువుకున్న కుర్రాడు, ఆ ఇంగ్లీషు కోసమే సైన్యానికి కావలసినవాడయ్యాడు. 1941 చివర సైన్యంలో దుబాసీగా చేరాడు. సింగపూర్ పడిపోయాక వేలాది బ్రిటిష్, ఆస్ట్రేలియన్ ఖైదీలు జపాన్ చేతికి చిక్కారు. వాళ్ళతో మాట్లాడాలంటే ఇంగ్లీషు వచ్చినవాడు ఉండి తీరాలి. అలా తిరిగి తిరిగి 1943 నాటికి థాయిలాండ్‌లోని కాంచనబురికి, అక్కడి సైనిక పోలీసు విభాగానికి వచ్చాడు. ఆ విభాగాన్ని కెంపెతాయ్ అంటారు. ఆ పేరు వింటే జపాన్ సైనికులే జంకేవారు.

కాంచనబురిలో అప్పుడు జరుగుతున్నది సయాం-బర్మా రైలుమార్గం పని. సయాం అంటే థాయిలాండ్ పాత పేరు. బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి సముద్రం మీద సరుకు పంపడం కష్టమైపోయింది, అందుకని కొండలూ అడవీ చీల్చుకుంటూ 415 కిలోమీటర్ల దారి వేశారు. 1942 మధ్యలో మొదలుపెట్టి 1943 అక్టోబర్‌కి రెండు వైపుల పట్టాలూ కలిపేశారు. 60 వేలకు పైగా మిత్రదేశాల ఖైదీలు పనిచేస్తే 12 వేలకు పైగా చచ్చిపోయారు. కలరా, మలేరియా, విరేచనాలు, పుండ్లు, ఆకలి, దెబ్బలు. 1943 వానాకాలంలో గడువు ముంచుకొస్తోందని రాత్రింబవళ్ళు కొండలు తొలిపించారు. కాగడాల వెలుగులో ఎముకల గూళ్ళు రాళ్ళు కొడుతున్న ఆ చోటుకి హెల్‌ఫైర్ పాస్, అంటే నరకాగ్ని కనుమ అని పేరు పడింది. ఆసియా కూలీల లెక్క ఇంకా ఘోరం, దానికి తర్వాత వస్తాను.

ఆ ఖైదీల్లో ఎరిక్ లోమాక్స్ ఒకడు. ఎడిన్‌బరా మనిషి, 1919లో పుట్టాడు, సిగ్నల్స్ విభాగంలో యువ అధికారి. కాంచనబురి శిబిరంలో ఖైదీలు దొంగతనంగా చిన్న రేడియో ఒకటి తయారుచేసుకుని ఢిల్లీ వార్తలు వినేవారు. 1943 ఆగస్టు చివర్లో జపాన్‌వాళ్ళకు అది దొరికింది. దాంతో సంబంధం ఉన్న అధికారులను గొడ్డళ్ళ కర్రలతో కొట్టారు. ఇద్దరు ఆ దెబ్బలకే చనిపోయారు. లోమాక్స్ రెండు చేతులూ విరిగాయి. పైగా అతని దగ్గర ఆ రైలుమార్గం పటం ఒకటి దొరికింది, చేత్తో గీసుకున్నది. అంతే, కెంపెతాయ్ ఇంటికి తీసుకెళ్ళారు. ఆరడుగుల మనిషిని కాళ్ళు చాపుకోను చోటులేని వెదురు బోనులో పడేశారు. విచారణ గదిలో ఒక కెంపెతాయ్ అధికారి, పక్కన పొట్టిగా ఉన్న ఒక యువ దుబాసీ. ఆ దుబాసీ నగసే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, నాలాంటివాడికి ఇదే అసలు చోటు. పటం ఎందుకు గీశావని అడిగారు. లోమాక్స్‌కు చిన్నప్పటినుంచీ రైళ్ళ పిచ్చి. స్టేషన్‌లో గంటలకొద్దీ నిలబడి ఇంజన్లు చూసే రకం. ఆ మాటే చెప్పాడు. అతను చెప్పింది నిజం. కానీ ప్రాణాలు పోతున్న ఆ అడవిలో, ఆ గదిలో, "నాకు రైళ్ళంటే ఇష్టం, అందుకే గీశాను" అన్న మాటను జపాన్ భాషలో ఎలా చెబుతారు? చెప్పేవాడికే నమ్మకం లేకపోతే గొంతు సన్నగా, ఎగతాళిగా మారుతుంది. వినేవాడికి మాటకన్నా ముందు ఆ గొంతు చేరుతుంది. నగసే నమ్మలేదు. దుబాసీ తాను కేవలం గొట్టం అనుకుంటాడు, ఒక చివర పోసింది ఇంకో చివర వస్తుందని. కాదు. ఆ గొట్టానికి రుచి ఉంటుంది. నేను నమ్మిన మనిషి మాటను అరబ్బీలో నిలబెట్టి చెప్పాను, నమ్మనివాడి మాటను గబగబా చెప్పి పారేశాను. అలా చేశానని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ళ తర్వాత.

ఆ గదిలో లోమాక్స్‌తో నువ్వు ఎలాగూ చస్తావన్న మాట నగసే నోటితోనే వచ్చింది. తర్వాత బల్ల మీద కట్టేసి, ముఖం మీద గుడ్డ వేసి, గొట్టంతో ముక్కులో నోట్లో నీళ్ళు పట్టారు. విరిగిన చేతులతో ఉన్న మనిషికి. నీళ్ళు ఆపినప్పుడల్లా దుబాసీ గొంతు: చెప్పు, చెప్పు. లోమాక్స్ అమ్మా అని అరిచాడు. ఆ అరుపు విని నగసే, అమ్మా, నీ కొడుక్కి ఇక్కడ ఏం జరుగుతోందో నీకు తెలుసా అని తనలో తాను గొణుక్కున్నాడట. ఈ సంగతి దశాబ్దాల తర్వాత ఆయనే రాసుకున్నాడు. గొణిగాడు, కానీ పని ఆపలేదు. లోమాక్స్‌ను అక్కడినుంచి బ్యాంకాక్ తరలించేటప్పుడు మాత్రం ఇంగ్లీషులో ధైర్యంగా ఉండమని ఒక మాట అన్నాడు. అక్కడ ఐదేళ్ళు శిక్ష వేసి, సింగపూర్ ఔట్రమ్ రోడ్ జైలుకి పంపారు లోమాక్స్‌ని.

లోమాక్స్ యుద్ధం నుంచి బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత యాభై ఏళ్ళూ అతను పగబట్టింది కొట్టినవాళ్ళ మీద కన్నా ఎక్కువగా ఆ దుబాసీ మీద. ఎందుకంటే ఆ ఇంట్లో అతనికి అర్థమైన గొంతు అదొక్కటే. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. చట్టం దృష్టిలో దుబాసీ చిన్నవాడు కావచ్చు. నగసే మీద కేసు కూడా నడవలేదు. రేడియో దొరికినప్పుడు ఆ ఇద్దరు ఖైదీ అధికారులను కొట్టి చంపిన కేసులో యుద్ధం తర్వాత సింగపూర్‌లో విచారణ జరిగి, ఒక జపాన్ అధికారిని ఉరితీశారు. కానీ హింస అనేది దెబ్బలతో మాత్రమే నడవదు. ప్రశ్న కావాలి. బెదిరింపు అర్థం కావాలి. అర్థం చేయించేవాడు లేకపోతే ఆ నీళ్ళ గొట్టానికి పనే లేదు. నగసే ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు, నేను చెప్పిన మాట చెప్పానంతే అని ఒక్కసారి కూడా తప్పించుకోలేదు. ఆయన మీద నాకు గౌరవం అక్కడ మొదలైంది.

ఆయనలో మార్పు గుడితో మొదలవలేదు. సమాధులతో మొదలైంది. యుద్ధం ముగిసిన నెల తిరక్కుండానే, 1945 సెప్టెంబర్‌లో, మిత్రదేశాలవాళ్ళు ఆ రైలుదారి పొడవునా తమవాళ్ళ సమాధులు వెతకడానికి ఒక చిన్న బృందాన్ని పంపారు. వాళ్ళకు దుబాసీ కావాలి. నగసేని తీసుకున్నారు. మొన్నటిదాకా ఖైదీలుగా ఉన్నవాళ్ళు, మొన్నటిదాకా వాళ్ళను విచారించిన మనిషి, ఒకే రైలుపెట్టెలో. దారి పొడవునా దిగడం, పొదలు నరకడం, శిలువలు లెక్కపెట్టడం. మూడు వారాల్లోపే పదివేలకు పైగా సమాధుల జాడ తీశారు. ఒక గదిలో ఒక మనిషికి జరిగింది చూసినవాడికి, ఆ గది 415 కిలోమీటర్ల పొడవుందని ఆ ప్రయాణంలో తెలిసింది. ఇది నా ఊహ కాదు, జీవితాంతం ఆ మూడు వారాల గురించే ఆయన మళ్ళీ మళ్ళీ మాట్లాడాడు.

ఇంకొక సంగతి ఆయన్ని థాయిలాండ్‌కి కట్టిపడేసింది. ఓడిపోయి ఇంటిదారి పట్టిన లక్షకు పైగా జపాన్ సైనికులకు థాయ్ ప్రభుత్వం మనిషికింత బియ్యం, ఇంత పంచదార ఇచ్చి పంపింది. సైనికుడి అన్నం డబ్బా నిండా బియ్యం, దాని లోపలి మూతనిండా చక్కెర. తమ గడ్డ మీద ఇంత చేసినవాళ్ళకు అన్నం పెట్టి పంపారన్న మాట ఆయన ముసలితనం దాకా చెప్పేవాడు.

కురషికి తిరిగొచ్చి ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికాడు. ఒంట్లో గుండెజబ్బు, కళ్ళముందు ఉన్నట్టుండి ఆ గది, ఆ నీళ్ళ గొట్టం. అప్పట్లో జపాన్‌వాళ్ళు ఊరికే విదేశాలకు వెళ్ళే వీల్లేదు. కట్టుబాట్లు కొంచెం సడలగానే 1963లో భార్య యోషికోతో కలిసి కాంచనబురి వెళ్ళి, యుద్ధ శ్మశానంలో తెల్ల శిలువ ముందు పూలు పెట్టి చేతులు జోడించాడు. అప్పుడు తన ఒంట్లోంచి పసుపుపచ్చని వెలుగు నలువైపులా చిమ్మినట్టయిందని, తనను క్షమించినట్టు అనిపించిందని రాసుకున్నాడు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత 130 సార్లకు పైగా థాయిలాండ్ వెళ్ళాడు. 1976లో మాజీ ఖైదీలనూ మాజీ జపాన్ సైనికులనూ ఆ రైలుదారిలోనే, కాంచనబురి దగ్గర క్వాయ్ నది మీదున్న వంతెన మీద కలపాలని పూనుకున్నాడు. చాలామంది రాము పొమ్మన్నారు, కోపంగా జవాబులు రాశారు. వచ్చిన కొద్దిమంది వంతెనకు రెండు వైపుల నుంచీ నడిచొచ్చి చేతులు కలిపారు. 1986లో వంతెన దగ్గరే ఒక చిన్న శాంతి ఆలయం కట్టించాడు, థాయ్ పిల్లల చదువుకు ఉపకార వేతనాల నిధి పెట్టాడు. సొంత దేశంలో సైన్యం పాత గొప్పలు చెప్పేవాళ్ళకు ఎదురు మాట్లాడి, వాళ్ళకు కంటగింపు అయ్యాడు. బయట ఖైదీల కోపం, లోపల సొంతవాళ్ళ కోపం. ఇది పేరు కోసం చేసే పనయితే ఇంత చవకబారు బేరం ఇంకోటి ఉండదు.

అయినా మీ రెండో ప్రశ్న అలాగే ఉంది. క్షమించినట్టు అనిపించిందట. ఎవరు క్షమించారు?

సరిగ్గా ఇదే ప్రశ్న లోమాక్స్ భార్య పాటీ వేసింది. 1989లో జపాన్ నుంచి వచ్చే ఒక ఇంగ్లీషు పత్రికలో నగసే గురించి వ్యాసం పడింది. దాన్ని ఒక తోటి మాజీ ఖైదీ లోమాక్స్‌కు ఇచ్చాడు. పటం దాచుకున్నాడని హింసించిన ఒక ఖైదీ గుర్తొచ్చి ఆ దుబాసీ నలిగిపోతున్నాడని అందులో ఉంది. లోమాక్స్ ఫొటో చూశాడు, మనిషిని గుర్తుపట్టాడు. అంటే స్కాట్లాండ్ మనిషి తలలోనూ జపాన్ మనిషి తలలోనూ నలభై ఆరేళ్ళుగా తిరుగుతున్నది ఒకే గది. లోమాక్స్‌కు సంతోషం కలగలేదు. చేతికి దొరికితే ఏం చేయాలా అని ఆలోచించాడు. ఆ తర్వాత నగసే రాసిన చిన్న పుస్తకం ఇంగ్లీషులో చదివి, పసుపుపచ్చని వెలుగు దగ్గరకు వచ్చేసరికి పాటీకి ఒళ్ళు మండింది. 1991లో నేరుగా ఉత్తరం రాసింది. ఆ మనిషి నా భర్త, బతికే ఉన్నాడు, ఆయన ఇంకా మిమ్మల్ని క్షమించనే లేదు, మీరు క్షమాపణ పొందినట్టు ఎలా అనుకుంటారు అని.

నా లెక్కలో నగసే నిజమైన పరీక్ష ఆ ఉత్తరం. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. గుడి ఉంది, నిధి ఉంది, పత్రికల్లో పేరుంది. పక్కన పెట్టేయొచ్చు. లాయరు మాటలతో జవాబు రాయొచ్చు. నా మనసులోది దేవుడికి తెలుసు అనొచ్చు, మన దగ్గర చాలామంది అనేది అదే. ఆయన అలా చేయలేదు. మీ ఉత్తరం కత్తిలా గుండెలో దిగిందని రాశాడు, కలవాలని అడిగాడు. సమాధుల ముందు తానంతట తాను తీసుకున్న క్షమ చెల్లదని ఒప్పుకున్నట్టే అది.

1993 మార్చి 26న కాంచనబురిలో, ఆ వంతెన దగ్గరే కలిశారు. నగసే వణుకుతూ వంగి దణ్ణం పెట్టాడు, ఏడుస్తూ క్షమించమన్నాడు. లోమాక్స్ ముందే నేర్చుకుని వచ్చిన జపాన్ మాటల్లో శుభోదయం నగసే గారూ, ఎలా ఉన్నారు అని పలకరించాడు. ఇది నాకు చాలా పెద్ద విషయం. ఒకప్పుడు భాష తెలిసినవాడి చేతిలో తెలియనివాడు నలిగిన చోట, ఈసారి తెలియనివాడు అవతలివాడి భాషలో మొదటి మాట అన్నాడు. మధ్యలో దుబాసీ లేడు.

క్షమ మాత్రం ఆ రోజు ఇవ్వలేదు. ఇది చాలామందికి తెలియదు, వాళ్ళిద్దరూ కలిసిన ఫొటో చూసి అప్పుడే అంతా అయిపోయిందనుకుంటారు. కలిసి వంతెన నడిచారు, శ్మశానం చూశారు, పాత సంగతులు చెప్పుకున్నారు. తర్వాత లోమాక్స్ దంపతులు జపాన్ వెళ్ళారు, చెర్రీ పూల కాలంలో కురషికి చూశారు. చివరికి టోక్యోలో ఒక హోటల్ గదిలో, ఇద్దరే ఉన్నప్పుడు, లోమాక్స్ తాను రాసుకొచ్చిన ఉత్తరం ఇచ్చాడు. 1943లో జరిగింది మరచిపోలేనని, కానీ పూర్తిగా క్షమిస్తున్నానని అందులో ఉంది. మరచిపోలేను, క్షమిస్తున్నాను. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. ఆ తర్వాత ఇద్దరూ చివరిదాకా స్నేహితులుగానే ఉన్నారు. నగసే 2011లో 93 ఏళ్ళ వయసులో, లోమాక్స్ 2012లో వెళ్ళిపోయారు.

క్షమించనివాళ్ళూ ఉన్నారు, వాళ్ళ గురించి చెప్పకపోతే అన్యాయం. 1998లో జపాన్ చక్రవర్తి లండన్ వచ్చినప్పుడు మాజీ ఖైదీలు రోడ్డు పక్కన నిలబడి వీపులు చూపించారు. వాళ్ళదీ న్యాయమే. నగసే ఒక్కడు ఏడిస్తే ఒక ప్రభుత్వం చేయాల్సిన పని అయిపోదు. అది ఆయనకూ తెలుసు కాబట్టే ఊరుకోకుండా తిరిగాడు.

దుబాసీలే ఇలా ఎందుకు మారతారని కూడా మీ ప్రశ్నలో ఓ మూల ఉంది. అందరూ మారరు. కానీ శత్రువు భాష నేర్చుకున్న సైనికుడికి శత్రువు ఇల్లు కనిపిస్తుంది. డొనాల్డ్ కీన్ అని అమెరికా నౌకాదళంలో జపాన్ భాషా అధికారి ఉండేవాడు. చచ్చిపోయిన జపాన్ సైనికుల జేబుల్లో దొరికిన డైరీలు చదివి పనికొచ్చే కబురు ఏరడం ఆయన ఉద్యోగం. నెత్తుటి మరకలున్న ఆ డైరీల్లో ఆయనకు దొరికింది ఆకలి, భయం, ఇంటి బెంగ. తర్వాత జీవితమంతా జపాన్ సాహిత్యానికి ఇచ్చాడు, 2011 భూకంపం తర్వాత ఆ దేశ పౌరసత్వమే తీసుకున్నాడు. తుపాకీ పట్టినవాడు అవతలివాణ్ణి దూరంనుంచి చూస్తాడు. మేం అవతలివాడి నోట్లోంచి మాట తీసుకుని మా నోట్లో పెట్టుకుంటాం.

ఇప్పుడు ఆసియా కూలీల సంగతి. ఇది మనది కూడా. ఆ రైలుదారిలో రోముషా అనిపించుకున్న కూలీలు రెండు లక్షలకు పైమాటే. బర్మావాళ్ళు, జావావాళ్ళు, మలయా తోటల నుంచి తెచ్చిన మనవాళ్ళు. దాదాపు 90 వేల మంది చనిపోయారని ఒక అంచనా. అంతకన్నా ఎక్కువ చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఖైదీలకు సైన్యం ఉంది, డాక్టర్లున్నారు, పేర్లు రాసుకునే గుమాస్తాలున్నారు. కూలీలకు ఏమీ లేవు. కలరా వస్తే గుంపులు గుంపులుగా పోయారు. మలయా రబ్బరు తోటల్లో ఎగుమతులు ఆగి పని లేకుండా పోయింది. మూడు నెలలు పని, రోజుకు డాలరు కూలీ అని ఆశ చూపారు. ఆశకు లొంగనివాళ్ళను ఉచితంగా సినిమా చూపిస్తామని పిలిచి తలుపులు మూసి లారీలెక్కించారు. వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది తమిళులు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి కంగాణీల వెంట, అంటే కూలీలను కుదిర్చి తీసుకెళ్ళే మేస్త్రీల వెంట, మలయా వెళ్ళిన తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. పేరాక్ వైపు కొబ్బరి తోటల్లో తెలుగు కుటుంబాలు ఇవాళ్టికీ ఉన్నాయి, సయాం రైలుకు పోయిన తాతల కథలు ఆ ఇళ్ళల్లో ఇంకా ఉన్నాయి.

నేను బ్యాంకాక్ థొన్‌బురి స్టేషన్‌లో పొద్దున మూడో తరగతి రైలెక్కి వెళ్ళాను. పరాయిదేశంవాళ్ళకు అప్పట్లో టికెట్ వంద బాట్లు. యుద్ధ శ్మశానంలో దాదాపు 7 వేల సమాధులు, కత్తిరించిన గడ్డి, వరసలు, ఒక్కో రాయి మీద పేరు, వయసు, ఇంటివాళ్ళు రాయించిన ఒక వాక్యం. ఇరవై మూడు, ఇరవై ఆరు, ఇరవై రెండు. కొందరు అక్కడే ఏడుస్తారు. నాకు ఏడుపు రాలేదు. వంతెనకు కొంచెం ఎడంగా 1944లో జపాన్ సైన్యమే కట్టిన స్మారకం ఒకటుంది. దాని పలకల మీద ఇంగ్లీషు, మలయ్, చైనా రాతలతో పాటు తమిళం కూడా ఉంది. తెలుగు కోసం చుట్టూ తిరిగాను, నాకు కనిపించలేదు. అక్కడ వచ్చింది ఏడుపు. 1990లో ఆ ఊరి దగ్గర చెరకు పొలంలో తవ్వితే వందల కొద్దీ కూలీల ఎముకలు గుట్టగా బయటపడ్డాయి. వాటిలో ఒక్కదానికీ పేరు లేదు.

నగసే మీద నాకున్న ఒకే ఒక్క అసంతృప్తి ఇక్కడే. ఆయన మొదటి కన్నీళ్ళన్నీ శిలువలున్న సమాధుల కోసమే. శిలువ లేని గుంటల కోసం ఆయన మాట్లాడటం తర్వాత్తర్వాత జరిగింది. తప్పుపట్టడం కాదు, నాకు కారణం అర్థమైంది. ఆయనకు వచ్చింది ఇంగ్లీషు. ఇంగ్లీషులో అరిచినవాళ్ళ అరుపులే ఆయనకు అర్థమయ్యాయి. తమిళంలో, తెలుగులో, జావా భాషలో అమ్మా అన్నవాళ్ళకు ఆ దారి పొడవునా దుబాసీయే లేడు.

ఇక జగిత్యాల పిల్లాడు. ఆ రోజు తీర్పు చివర జడ్జి ఇంకో వాక్యం అన్నాడు, ఫలానా గడువులో పైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చని. పిల్లాడు "ఎట్ల వేస్తవన్నా" అని నన్ను చూస్తున్నాడు, నా గొంతు ఆరిపోయింది, తర్వాతి కేసు పిలుస్తున్నారు. అప్పీలు మాట చెప్పాను, కానీ గొణిగినట్టు చెప్పాను. వాడి చెవిన పడలేదని నాకు అప్పుడే తెలుసు. రెండోసారి చెప్పలేదు. వాడు అప్పీలు చేయలేదు. రెండున్నరేళ్ళ తర్వాత రంజాన్ క్షమాభిక్షలో బయటపడి ఇంటికొచ్చాడు.

కాంచనబురి నుంచి వచ్చాక పాటీ ఉత్తరం నన్ను వదల్లేదు. సమాధి ముందు పూలు పెట్టడం సులువు, బతికున్నవాడి గుమ్మం ఎక్కడం కష్టం. 2016లో ఊరు కనుక్కుని వెళ్ళాను. ఇప్పుడు ట్రాక్టరు నడుపుకుంటున్నాడు, ఇద్దరు పిల్లలు. వాకిట్లో నిలబడి నేను పేరు చెప్పకముందే, పలకరింపు వినగానే, "నీ గొంతు నాకెర్కనే అన్నా" అన్నాడు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. నేను వచ్చిన పని చెప్పాను. అప్పీలు మాట నీకు వినపడలేదని నాకు తెలుసు, అయినా మళ్ళీ చెప్పలేదు, అది నా తప్పు అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. గ్లాసు అటూ ఇటూ తిప్పాడు. జైల్లో ఆర్నెల్లకు ఒక బంగ్లాదేశ్ ఆయన చెప్పాడట, అప్పటికే గడువు దాటిపోయిందట.

"గప్పుడే ఇంకోపారి చెప్పుంటే మంచిగుండె గదన్నా" అన్నాడు. లేచి, అన్నం తినిపొమ్మని లోపలికి కేకేశాడు.